పరుగు ఎవరి కోసం? ఆనా హాల్ప్రిన్ కొండ నృత్యం

శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న టామల్పాయస్ కొండ నడకదారుల్లో 1979, 1980 సంవత్సరాలలో స్త్రీలు హత్యకు గురయ్యారు. నిత్యం అక్కడ నడిచేవారు అటు అడుగుపెట్టడానికే భయపడ్డారు. ఆ కొండవాలులో నివసించిన నర్తకి ఆనా హాల్ప్రిన్ (1920–2021), భూదృశ్యశిల్పి అయిన భర్త లారెన్స్‌తో కలిసి, 1981 వసంతంలో స్థానికులచేత ‘ఇన్ అండ్ ఆన్ ద మౌంటెన్’ చేయించారు. చనిపోయినవారిని తలచుకొంటూ, భయం మూసివేసిన దారుల్లో మళ్ళీ నడవడం అందులో ప్రధానాంశం.

కొద్ది వారాలకే హంతకుడు పట్టుబడ్డాడు. అది నృత్యమహిమేనని చెప్పుకొనేవారున్నారు. వైద్యుడిగా నేను దానిని కాకతాళీయమనే అంటాను. ఆమె అనారోగ్యం విషయంలోనూ అంతే. 1972లో పెద్దపేగు కాన్సర్ బయటపడింది, శస్త్రచికిత్స జరిగింది. 1975లో అది తిరగబెట్టినప్పుడు తాను గీసుకొన్న స్వీయచిత్రం ముందు నర్తించారు. ఆపై కోలుకొని నూరేళ్ళు జీవించారు. నృత్యమే కాన్సర్‌ను కుదిర్చిందనడానికి ఆధారం లేదు. వ్యాధి నయం కావడం వేరు, మనిషి స్వస్థపడడం వేరు అని ఆమే స్పష్టం చేశారు. ఆమె కళను ఈ రెండవ కొలతతోనే తూచాలి.

కొండ మీది ఆ నృత్యం ఏటేటా సాగి ‘ప్లానెటరీ డాన్స్’ అయింది. కాలిఫోర్నియాలో శీతకాలపు వానకు మొలిచిన పచ్చిక ఎండిపోవడం మొదలయ్యే రోజుల్లో, కొండ దిగువ మైదానంలో జనం చేరుతారు. ఎవరి కోసం పరుగెత్తుతున్నారో ఒక్కొక్కరూ బిగ్గరగా చెప్పి వలయంలో ప్రవేశిస్తారు. వెలుపలి వలయంలో పరుగు, లోపలి దానిలో నడక, నడుమ నిలబడేవారు. అందరికీ ఒకే డోలు దెబ్బ. అలసినవారు బయటికి పోనక్కరలేదు, ఒక వలయం లోపలికి జరిగితే చాలు. వార్ధక్యానికీ జబ్బుకూ ఇంత సహజంగా చోటిచ్చిన నృత్యరచనలు అరుదు.

నా అభ్యంతరం ఒకటుంది. ఈ నృత్యం అనేక దేశాలకు వ్యాపించినకొద్దీ ‘ప్రపంచశాంతి కోసం’ వంటి ప్రకటనలకు చోటు పెరిగింది. తొలి నృత్యానికి బలమిచ్చినది ఆ కొండ, ఆ మృతులు. ఊరూ పేరూ లేని దుఃఖానికి పరుగు వ్యాయామంగానే మిగులుతుంది.

ఈ మాట మనకూ వర్తిస్తుంది. బతుకమ్మ కూడా వలయమే: ఆ ఋతువులో పూసిన పూలు, వాటి చుట్టూ స్త్రీల అడుగులు, చివర నీటిలో వీడ్కోలు. ఆడబిడ్డల చావులను తలచే పాటలూ అందులో ఉన్నాయి. అమెరికాలో మనం పూలనూ చీరలనూ నిలుపుకొన్నాం. ఆ శోకాన్ని మాత్రం చాలాచోట్ల జారవిడిచాం. తల్లిదండ్రుల అంత్యక్రియలను ఫోను తెరమీద చూసినవారు మనలో ఎందరో. ఈసారి చెరువుగట్టున తొలి అడుగుకు ముందు ఒక్కొక్కరూ ఒక పేరు పైకి చెప్పవచ్చు. హాల్ప్రిన్ దగ్గర మనం నేర్చుకోదగినది అదే.