సంఖ్యాబలం - సంస్కారబలం

సభ్యుల సంఖ్య పెరగడం ఏ సంస్థకైనా శుభసూచకమనే అభిప్రాయం లోకంలో స్థిరపడింది. వార్షిక నివేదికలు ఈ లెక్కతోనే ఆరంభమవుతాయి. అయితే సంఖ్యతోపాటు సంస్కారమూ పెరుగుతుందన్న హామీ చరిత్రలో కానరాదు. కంప్యూటర్ల ద్వారా ఏర్పడిన తొలి చర్చావేదికలలో ఒకటైన యూజ్‌నెట్ ఇందుకు నిదర్శనం.

1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ దీనికి రూపకల్పన చేశారు. తొలినాళ్లలో విశ్వవిద్యాలయాలు, పరిశోధనాలయాలే దీనికి నెలవులు. ఏటా సెప్టెంబరులో కొత్త విద్యార్థులు ప్రవేశించేవారు. అడిగినదే అడగడం, అప్రస్తుత ప్రసంగాలు చేయడం కొన్ని వారాలు సాగేవి. పాతవారు మందలించేవారు, తరచుగా వచ్చే ప్రశ్నలకు సమాధానాలు కూర్చి అందించేవారు. క్రమంగా కొత్తవారు సభామర్యాద నేర్చి పాతవారిలో కలిసిపోయేవారు. 1993-94లో వాణిజ్య సంస్థలు తమ చందాదారులకు ఈ ద్వారం తెరిచాయి. నాటినుండి కొత్తవారి రాక ఏడాది పొడవునా సాగింది. ‘అంతంలేని సెప్టెంబరు’ అన్న వ్యవహారం అలా పుట్టినదే.

ఈ క్షీణతకు కొత్తవారిని నిందించడం పరిపాటి. అది సమంజసం కాదు. వారు అంతకుముందు సెప్టెంబర్లలో వచ్చినవారికంటె అల్పులు కారు. నేర్పేవారికీ నేర్వవలసినవారికీ మధ్య ఉండవలసిన నిష్పత్తి తప్పింది. చెప్పి చెప్పి అలసిన విజ్ఞులు మౌనం వహించారు. విజ్ఞులు లేని సభకు మరో విజ్ఞుడు రాడు.

మరి ద్వారం బిగించడమే మందా? లండన్‌లోని రాయల్ సొసైటీ ఆ మార్గమూ చూసింది. 19వ శతాబ్ది ఆరంభానికి శాస్త్రజ్ఞులు కాని కులీనులు, సంపన్నులు అందులో పెద్దసంఖ్యలో చేరి ఉన్నారు. 1830లో చార్లెస్ బాబేజ్ ఈ స్థితిని తన గ్రంథంలో తీవ్రంగా విమర్శించాడు. 1847 నాటి సంస్కరణలు ఏటా ఎన్నికయ్యే ఫెలోల సంఖ్యను 15కు పరిమితం చేశాయి. క్రమంగా అది శాస్త్రజ్ఞుల సంస్థగా నిలదొక్కుకుంది. కాని అదే సంస్థ స్త్రీలను తొలిసారిగా ఫెలోలుగా ఎన్నుకున్నది 1945లో! ద్వారపాలకుడు అనర్హులనే కాదు, అర్హులనూ ఆపగలడు.

2003లో మొదలైన తెలుగు వికీపీడియా తన చర్చాస్థలానికి ‘రచ్చబండ’ అని పేరు పెట్టుకుంది. పేరు ముచ్చటైనదే, ఆలోచింపజేసేదీ. ఊరి రచ్చబండ వద్ద పడుచువారు పెద్దల మాటలు విని విని మాట నేర్చేవారు. అయితే ఊరందరికీ అక్కడ సమానంగా చోటు దక్కలేదన్నదీ చారిత్రక సత్యమే. వినడం నేర్పిన ఆ క్రమశిక్షణ మనకు కావాలి. చోటు నిరాకరించిన ఆ అహంకారం అక్కరలేదు.

కనుక ఎందరు చేరారన్నది ఒక్కటే లెక్క కారాదు. చేరినవారి చేయి పట్టుకుని నడిపించేవారు ఎందరన్నది రెండవ లెక్క. మొదటి లెక్క ప్రకటించే సంస్థలు రెండవదాన్నీ ప్రకటించిననాడు వాటి ఎదుగుదల నిజమైనదో, కేవలం వాపో తెలుస్తుంది.