కారణం మారినా కర్ణుడు కర్ణుడే

హైదరాబాద్ ఉప్పల్ మల్టీప్లెక్సుల్లో మార్వెల్ సినిమా పడితే కుర్రాళ్ల మధ్య ఒక వాదన తప్పదు: కామిక్‌లో ఇలా లేదు కదా, ఎందుకు మార్చారు? అక్కడికి కొద్ది దూరంలోనే, నాచారంలో, పౌరాణిక పాత్రలకు పేరుపడ్డ ఎన్టీఆర్ కుటుంబానికి చెందిన రామకృష్ణా స్టూడియో ఉంది. ఆ ప్రశ్నకు మన పౌరాణిక సినిమా ఎప్పుడో జవాబు చెప్పిందని నా నమ్మకం.

ముందు కామిక్ సంగతి. 2006-07లో మార్వెల్ ప్రచురించిన 'సివిల్ వార్'లో గొడవంతా ముసుగు గురించే. వీరులు తమ అసలు పేర్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలంటుంది చట్టం. దాని ఆధారంగా 2016లో వచ్చిన సినిమాకి ఆ తగవు పనికిరాలేదు. ఐరన్‌మ్యాన్‌ని నేనేనని టోనీ స్టార్క్ 2008 సినిమాలోనే లోకానికి చెప్పేశాడు. ఆ సినిమాల్లో ముసుగు చాటున బతికేవాళ్లే తక్కువ. అందుకని వీరుల మీద ఐక్యరాజ్యసమితి అదుపు ఉండాలా వద్దా అన్నదాన్ని తగవు చేశారు. కెప్టెన్ అమెరికా పాత నేస్తం బకీని మధ్యలో నిలబెట్టారు. కారణం మారింది, టోనీ, కెప్టెన్ అమెరికా మిత్రులై ఉండి ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చిన బాధ మారలేదు.

మనవాళ్లు ఈ పని భారతంతో చేశారు. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. 'మాయాబజార్' (1957) ఆమె పెళ్లి కథే. పెళ్లికొడుకు అభిమన్యుడు, అయినా పాండవులు ఒక్కసారీ తెరమీదికి రారు. ఆ ఐదుగురూ వస్తే కథను జూదం వైపు, వనవాసం వైపు లాగేస్తారు. వాళ్లు రాకపోబట్టే కృష్ణుడికీ ఘటోత్కచుడికీ చోటు దొరికింది. దర్శకుడు కె.వి. రెడ్డి బృందం చేసిన పనుల్లో, అందరూ చెప్పుకునే ఘటోత్కచుడి విందు సన్నివేశంకంటే కూడా, ఇదే గొప్పదంటాను.

'దాన వీర శూర కర్ణ' (1977 జనవరి 14) ఇంకా సాహసం. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు పాత్రలూ ఎన్టీఆరే, దర్శకుడూ ఆయనే. నిడివి దాదాపు నాలుగు గంటలు. అదే రోజు కృష్ణ, శోభన్‌బాబుల 'కురుక్షేత్రం' కూడా విడుదలైంది. ఎన్టీఆర్ మాత్రం కథను కౌరవుల గుమ్మంలో నిలబడి చెప్పారు. విద్యా ప్రదర్శనలో కర్ణుణ్ణి పుట్టుక అడిగి అవమానించినప్పుడు దుర్యోధనుడు కులం మీద చేసే వాదం ఈ సినిమాకే ప్రాణం. మాటలు రాసిన కొండవీటి వెంకటకవి అక్కడ విజృంభించారు. అలాగని అది గాలిలోంచి పుట్టలేదు. వీరుల పుట్టుక ఆరా తీయడం తగదన్న మాట మూలంలో దుర్యోధనుడిదే. చిన్న విత్తనాన్ని పట్టుకుని సినిమా దాన్ని చెట్టు చేసింది. దుర్యోధనుడికి యుగళగీతం పెట్టడం మూలంలో లేనిదే. అయితే ముందు అతన్ని ప్రేమించకపోతే తొడలు విరిగినప్పుడు మనకు ఏడుపు రాదు. ఆ పాట అక్కడ అందుకే ఉంది.

ఈ మధ్య వచ్చినవాటిలో 'కల్కి 2898 ఏడీ' (2024) ఒక చోట ఈ విద్య బాగా పట్టుకుంది. మూలంలో అశ్వత్థామ గర్భస్థ శిశువు మీద అస్త్రం వేస్తాడు, కృష్ణుడు శపిస్తాడు. దర్శకుడు నాగ్ అశ్విన్ ఆ శాపానికి ఒక పని జోడించారు: యుగాల తర్వాత మరో గర్భానికి కాపలా కాయాలి. చేసిన పాపానికి సరిగ్గా ఎదురుగా ప్రాయశ్చిత్తం నిలబడింది. మూలాన్ని లోతుగా చదివినవాళ్లకే తట్టే మార్పు ఇది. అదే ఏడు వచ్చిన 'హనుమాన్'లో ప్రశాంత్ వర్మ రామాయణాన్ని మళ్లీ చెప్పకుండా, ఆంజనేయుడి రక్తపు బొట్టు మణిగా మారిందని మాత్రం ఊహించి కొత్త ఊళ్లో కథ నడిపారు. అదీ మంచి దారే.

ఇప్పుడు సూపర్‌హీరో కథలు రాస్తున్న తెలుగు రచయితలను ఒకటే కోరుతున్నాను. 'దాన వీర శూర కర్ణ' ముందు పెట్టుకుని సన్నివేశం తర్వాత సన్నివేశం కాగితం మీద రాయండి. ఏది మూలంలో ఉంది, ఏది లేదు, లేనిది ఎవరి కోసం వచ్చిందో పక్కన గుర్తు పెట్టుకోండి. మార్వెల్ పుస్తకాలు ఆ తర్వాత తెరవండి.