రెక్క కింద నిలబడ్డవాడి మాట

ఈ పుస్తకంలో శత్రు విమానాల్ని కూల్చే అధ్యాయాలు కొన్ని ఉన్నాయి. వాటిని గబగబా తిరగేశాను. విమానాన్ని క్షేమంగా మళ్ళీ నేలమీదికి దించే అధ్యాయం ఒకటుంది. దాన్ని మాత్రం పెన్సిలు చేతబట్టుకుని, తీరిగ్గా, మార్జిన్లో గీతలు గీసుకుంటూ చదివాను. ముందుమాట రాస్తానని ఒప్పుకున్నది ఆ అధ్యాయాన్ని చూసే.

రచయిత పేరు అట్టమీద ఉంది కాబట్టి నేను మళ్ళీ చెప్పను. మావాడు అంటాను, ఆపాటి చనువుంది. నరసరావుపేటలో వాళ్ళ నాన్నది బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షాపు. వీడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాడు. రాత్రి భోజనాలయ్యాక మేడమీద గదిలో తలుపేసుకుని స్పిట్‌ఫైర్, హరికేన్, మెస్సర్‌ష్మిట్, మస్టాంగ్ లాంటి రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాలు నడుపుతాడు. అదంతా కంప్యూటర్ తెరమీదే. 2001లో రష్యా నుంచి వచ్చిన ‘ఐఎల్-2 స్టుర్మోవిక్’ పాత సీడీతో మొదలుపెట్టి, ఇప్పుడు ‘డీసీఎస్’ అనే ఇంకా కఠినమైన సిమ్యులేటర్‌లో కుదురుకున్నాడు.

“పెళ్ళీడుకొచ్చినవాడికి ఈ గేములేంట్రా” అని వాళ్ళమ్మ అంటుంటుంది. ఆమెకీ, ఆమెలా అనుకునేవాళ్ళకీ మొదటి అధ్యాయంలోనే జవాబు దొరుకుతుంది. గేములో మీట నొక్కితే విమానం లేస్తుంది. ఇక్కడ ఇంజను రాజేయడమే ఒక పని. పెట్రోలు కాక్ తెరవాలి, థ్రాటిల్ కొంచెం ముందుకు జరపాలి, ప్రైమర్ పంపు కొట్టాలి, మాగ్నెటోలు వేయాలి, అప్పుడు స్టార్టర్ నొక్కాలి. ప్రైమర్ ఎన్నిసార్లు కొట్టాలన్నది ఆనాటి పైలట్ల చిన్న పుస్తకంలో పట్టిక వేసి ఉండేది. చలి ఎక్కువైతే ఎక్కువసార్లు, మనలాంటి ఎండల్లో కొద్దిసార్లు. లెక్క తప్పితే ఇంజను తడిసిపోయి దగ్గుతుందే కానీ అందుకోదు. మావాడు ఈ ఒక్క సంగతి మీదే నాలుగు పేజీలు రాశాడు. చదివేవాళ్ళకు విసుగు పుడుతుందేమోనని వాడి భయం. నాకైతే ఇంకో నాలుగు పేజీలున్నా బాగుండేదనిపించింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను విమానం నడిపినవాణ్ణి కాను. 1960లలో భారత వైమానిక దళంలో చేరి, తాంబరంలో పని నేర్చుకుని, ఆ తర్వాత నాట్ విమానాల ఆర్ఫియస్ ఇంజన్ల మీద ఫిట్టర్‌గా పనిచేసినవాణ్ణి. అవి జెట్ ఇంజన్లు. మావాడు నడిపేవి వాటికి ముందు తరంవి, ముక్కున పంకా తిప్పే పిస్టన్ ఇంజన్లు. అయినా వాడు స్కూటరేసుకుని మా ఇంటికొచ్చి, “బాబాయ్, నూనె ప్రెషర్ ఎందుకు పడిపోతుంది?” అని అడిగాడు. గెలవడం ఎలా అని అడగలేదు. నూనె గురించి అడిగాడు. వైండింగ్ షాపులో పెరిగినవాడికే ఆ ప్రశ్న పుడుతుంది.

ఇక టేకాఫ్. స్పిట్‌ఫైర్‌లోని మెర్లిన్ ఇంజను పైలట్ సీట్లోంచి చూస్తే పంకాను కుడివైపుకు, గడియారం ముల్లు తిరిగినట్టు తిప్పుతుంది. ఆ ఊపుకు విమానం ఎడమకు లాగుతుంది. కుడి రడ్డర్ తొక్కి పట్టుకోకపోతే, కొత్త కోడెను కాడికి కట్టినట్టు, రన్‌వే వదిలి పొలాల్లోకి పోతుంది. అదే స్పిట్‌ఫైర్‌కు తర్వాతి రోజుల్లో గ్రిఫన్ ఇంజను పెట్టారు. అది పంకాను దానికి ఎదురువైపుకు తిప్పుతుంది. మెర్లిన్‌కు అలవాటైన కాలు గ్రిఫన్ దగ్గరకొచ్చేసరికి తప్పు పెడలే తొక్కుతుంది. నిజం పైలట్లకూ ఈ తిప్పలు తప్పలేదు.

రడ్డర్ పెడళ్ళు కొనాలంటే మధ్యతరగతి ఇంట్లో నెల ఖర్చంత అవుతుంది. మావాడు కొనలేదు. షాపులో పడున్న పాత బేరింగులు, ఇనుప పట్టీలు, రేడియో రిపేరు వాళ్ళు వాల్యూమ్ కంట్రోల్ అనే భాగం, చిన్న ఆర్డుయినో బోర్డు కలిపి సొంతంగా కట్టుకున్నాడు. ఆ కొలతలు, స్ప్రింగు బిగువు, వైర్లు ఏది ఎక్కడ అతకాలో పుస్తకంలో బొమ్మలతో సహా ఉన్నాయి. పల్నాటి కుర్రాడెవడైనా ఆ అధ్యాయం పట్టుకుని గ్యారేజీకెళితే ఓ ఆదివారంలో పెడళ్ళు తయారు చేసుకోవచ్చు. సీటు మాత్రం ప్లాస్టిక్ కుర్చీ వద్దు. పెడల్ గట్టిగా తొక్కితే కుర్చీ వెనక్కి జారుతుంది, విమానంకన్నా ముందే కుర్చీ కూలుతుంది.

దించడం దగ్గరికి వద్దాం. స్పిట్‌ఫైర్ ముక్కు పొడుగు. తోకమీద కూర్చుని ఉన్నప్పుడు పైలట్‌కు ఎదురుగా ఇంజను కప్పు తప్ప రన్‌వే కనపడదు. అందుకే నేలమీద నడిపేటప్పుడు పాములా వంకర్లు తిరుగుతూ పోవాలి. దిగేటప్పుడు తిన్నగా రాకుండా ఒక పక్కకు వాలి, వంపుగా తిరుగుతూ వచ్చి, చివరి క్షణంలో సరిచేసుకోవాలి. చక్రాల మధ్య ఎడం కూడా తక్కువ, కాస్త పక్కకు ఒరిగితే రెక్క అంచు నేలను రాస్తుంది. జర్మనీ మెస్సర్‌ష్మిట్ 109దీ ఇదే జబ్బు. హరికేన్ చక్రాలు ఎడంగా ఉంటాయి, అది బుద్ధిమంతురాలు. యుద్ధకాలంలో మన వైమానిక దళం బర్మా సరిహద్దుల్లో ఎగుడుదిగుడు మైదానాల మీద హరికేన్లతో ఎంత పని చేయించిందో తలుచుకుంటే, ఆ చక్రాల ఎడం విలువ తెలుస్తుంది. 1944లో ఇంఫాల్ దగ్గర అర్జన్ సింగ్ నాయకత్వంలోని ఒకటో నంబర్ స్క్వాడ్రన్ నడిపినవీ హరికేన్లే. హైదరాబాదులో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ కుర్రతనంలో బర్మా మీద నడిపినదీ హరికేనే. 1950 జనవరి 26న తొలి గణతంత్ర దినాన ఢిల్లీ ఆకాశంలో టెంపెస్ట్ విమానాల వరుసకు ముందున్నదీ ఆయనే. 1978లో ఆయన వైమానిక దళాధిపతి అయినప్పుడు మా తెలుగు ఎయిర్‌మెన్ బ్యారక్‌లో మిఠాయి పంచుకున్నాం. ఆయన మా ముఖాలు ఎరగరు, అది వేరే సంగతి.

నాకు బాగా నచ్చిన ఇంకో చోటు కార్బురేటర్ కథ. 1940లో స్పిట్‌ఫైర్ ముక్కును ఒక్కసారిగా కిందికి దించితే పెట్రోలు పైకి తన్ని ఇంజను ఊపిరి ఆగేది. జర్మను ఇంజనుకు పెట్రోలు నేరుగా చిమ్మే పంపు ఉండేది కాబట్టి దానికా బాధ లేదు. అందుకే జర్మను పైలట్లు చటుక్కున కిందికి దూకి తప్పించుకునేవాళ్ళు. బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు, మోటార్‌సైకిల్ పందేల్లో పేరుమోసిన ఆడమనిషి, 1941లో మధ్యన బెజ్జం ఉన్న ఒక చిన్న లోహపు ముక్కను పెట్రోలు దారిలో పెట్టి ఆ జబ్బును చాలావరకు కుదిర్చింది. తన మనుషులతో స్థావరం నుంచి స్థావరానికి తిరిగి స్వయంగా బిగించింది. సిమ్యులేటర్లో పాత రకం స్పిట్‌ఫైర్ తీసుకుంటే ఆ దగ్గు మనకూ వినిపిస్తుంది. మావాడు మొదట జాయ్‌స్టిక్ పాడైందనుకున్నాడట.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఈ సిమ్యులేటర్లలో పైలట్ ఉన్నాడు, ఇంజను ఉంది, గాలి ఉంది, ఆఖరికి మబ్బు కూడా ఉంది. మేం లేం. డీసీఎస్‌లో బుల్లెట్లతో జల్లెడైన విమానాన్ని దించి రేడియోలో రిపేరు అడిగితే మూడు నిమిషాల్లో కొత్తదైపోతుంది! మా కాలంలో ఒక ఇంజను దించి ఇంకోటి ఎక్కించాలంటే రాత్రంతా టార్చిలైటు వెలుతురులో, చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా పని చేసేవాళ్ళం. తెల్లారి పైలట్ వచ్చి ఫారం 700 మీద సంతకం పెట్టి ఎక్కితే, ఆ విమానం తిరిగొచ్చేదాకా మాకు టీ దిగేది కాదు. స్పిట్‌ఫైర్ల రోజుల్లో ఇంజను జోరు పెంచినప్పుడు తోక లేవకుండా నేలమీది మనుషులు దానిమీద కూర్చునేవాళ్ళు. 1945లో ఇంగ్లండులో మార్గరెట్ హోర్టన్ అనే అమ్మాయి అలా తోకమీద కూర్చుని ఉండగానే పైలట్ చూసుకోకుండా గాల్లోకి లేచిపోయాడు. తోక బరువుగా ఉందేమిటా అనుకుంటూ ఓ చుట్టు తిరిగి దించాడు. ఆమె క్షేమంగా దిగింది. ఆ ఇద్దరిలో ఎవరికి ముందు చెమట పట్టిందో ఊహించుకోండి.

ఈ ఫిర్యాదు మావాడికి చేస్తే, వాడు ‘రెక్క కింద’ అని ఒక అధ్యాయమే కొత్తగా రాసి తెచ్చాడు. ఫిట్టర్లు, రిగ్గర్లు, ఆర్మరర్లు, తుపాకులకు బెల్టులెక్కించే కుర్రాళ్ళు, అందరూ అందులో ఉన్నారు. యుద్ధ విమానాల మీద తెలుగులో వచ్చిన రాతల్లో నేను చదివినంత మేరకు నేలమీది మనిషికి ఇంత చోటిచ్చిన వాళ్ళు లేరు. నేను పొగిడేది దీన్నే.

చరిత్ర విషయంలో ఒక అధ్యాయం మనవాళ్ళందరూ చదవదగ్గది. 1940 నాటికి గుంటూరు జిల్లా, అందులోని మన పల్నాడు, మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కృష్ణకు ఆవలి ఒడ్డు నైజాం. బ్రిటన్ గగనతల యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 234వ స్క్వాడ్రన్, హరికేన్లు నడిపిన 79వది, డిఫయంట్లు నడిపిన 264వది, ఈ మూడింటి పేర్లలోనూ ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ ఉంది. విరాళాలిచ్చిన ప్రాంతాల పేర్లు దళాలకు పెట్టడం ఆనాటి మర్యాద. నైజాం పేరుమీద 152వ ‘హైదరాబాద్’ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు, 253వ ‘హైదరాబాద్ స్టేట్’ స్క్వాడ్రన్ హరికేన్లు నడిపాయి. 152వ దళం చిహ్నంలో నిజాం తలపాగా బొమ్మే ఉంటుంది. ఆ దళం 1943 చివర్లో బర్మా వైపుకూ వచ్చింది. కృష్ణకు రెండు ఒడ్డులూ ఇంగ్లీషు ఆకాశంలో ఒకే శత్రువు మీద పోరాడాయన్నమాట, పేర్ల రూపంలోనైనా. అంతకుముందే 1942 ఏప్రిల్ 6న జపాను ర్యూజో నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేశాయి. తెలుగువాళ్ళకు యుద్ధ విమానం కథల్లో వస్తువు కాదని ఆ రోజే తెలిసింది.

అన్నిటికన్నా సరదాగా ఉన్నది పల్నాటి మీద విహారం. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్లో ఉపగ్రహ చిత్రాలతో భూమండలమంతా ఉంది, మన ఊళ్ళతో సహా. అందులో తుపాకులు పేలవు. మావాడు స్పిట్‌ఫైర్ తీసుకుని గన్నవరంలో లేచి, కృష్ణ పట్టుకుని అమరావతి, పులిచింతల దాటి, గురజాల మీదుగా సాగర్ చేరతాడు. అరగంటలోపు పని. నీళ్ళ మధ్య నాగార్జునకొండ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మాచర్ల, కారెంపూడి మీదుగా వెనక్కి మళ్ళి, కోటప్పకొండ మూడు శిఖరాలు గురుతు పెట్టుకుని నరసరావుపేట వచ్చేస్తాడు. మాచర్ల నుంచి పేటకు పావుగంట. మన బస్సు పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దుమ్ములో ఎంతసేపు ఆగుతుందో తెలిసినవాళ్ళకు ఇది అన్యాయంగా తోస్తుంది. ఆ మధ్య 2022 డిసెంబరు 29న పక్క జిల్లా కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద అత్యవసర రన్‌వేను పరీక్షించడానికి సుఖోయ్‌లు తక్కువ ఎత్తులో వచ్చినప్పుడు జనం ఎడ్ల పందేలకు వచ్చినట్టు వచ్చారు. ఆ జనంలో మావాడూ ఉన్నాడు.

యుద్ధాన్ని ఆడుకోవడమేమిటని అడిగేవాళ్ళు పల్నాడులో ఉంటే, వాళ్ళను కార్తీకంలో కారెంపూడి పంపాలి. పన్నెండో శతాబ్దపు దాయాదుల యుద్ధంలో చచ్చిపోయిన వీరుల కొణతాలను, అంటే ఆయుధాలను, నాగులేటిలో కడిగి, ఈనాటికీ ఊరేగిస్తారు. అక్కడికొచ్చిన ఏ ముసలమ్మా మళ్ళీ యుద్ధం కావాలని మొక్కుకోదు. మావాడు తనకు తాను పెట్టుకున్న నియమం కూడా ఇక్కడ చెప్పాలి. సిమ్యులేటర్లో చచ్చిపోతే ఆ రాత్రికి కంప్యూటర్ కట్టేస్తాడు, మీట నొక్కి మళ్ళీ పుట్టడు. అందువల్ల వాడు ఎక్కువగా పారిపోతాడు, ఎక్కువగా దిగుతాడు. కూల్చిన లెక్కల అధ్యాయాలు తీసేయమన్నాను. “కుర్రాళ్ళు అవి చూసే కొంటారు బాబాయ్” అన్నాడు. సరే, వాడి పుస్తకం.

రెండో ముద్రణకు నా కోరిక ఒకటుంది. జర్మను ఫోకెవుల్ఫ్ 190 మీద మంచి అధ్యాయం రాశాడు. దాన్ని రూపొందించిన కుర్ట్ టాంకే తర్వాత బెంగళూరు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌కు వచ్చి మన మారుత్‌ను తయారుచేశాడు. 1961 జూన్ 17న అది మొదటిసారి ఎగిరింది. ఆ రెండు విమానాలనూ పక్కపక్కన పెట్టి రాస్తే బాగుంటుంది. మారుత్‌లోనూ నాట్‌లోనూ ఉన్నది ఆర్ఫియస్ ఇంజనే. నాట్ చక్రాలను సగం దించితే అవే గాలికి బ్రేకులయ్యేవన్న సంగతి పుస్తకంలో ఎక్కడా లేదు. 2025 సెప్టెంబరు 26న మిగ్-21కు వీడ్కోలు చెప్పారు కాబట్టి దానికీ ఒక అధ్యాయం ఉండాలి. ఆర్ఫియస్ మీద నాకు తెలిసినదంతా చెబుతాను. వచ్చేటప్పుడు నోటు పుస్తకం తెచ్చుకొమ్మన్నాను, ఫోనులో రికార్డు చేస్తానంటే మాత్రం ఒప్పుకోను. బొమ్మలు గీయాల్సి వస్తుంది.