శుక్రవారం ఆస్తి, జోడే కీ రఖం

ఎస్.సి. దూబే మన శామీర్‌పేట మీద 1955లో పుస్తకం రాశాడు. అది చాలామందికి తెలుసు. ఆయన భార్య లీలా దూబే 1969లో లక్షద్వీపాల్లోని కల్పేని ముస్లింల మీద తెచ్చిన 'మాట్రిలినీ అండ్ ఇస్లామ్' ఊసు మాత్రం మేం చదివిన ముస్లింవాద రాతల్లో కనపడదు. నల్లగొండ, పాలమూరు ఆడపిల్లలకు పనికొచ్చేది ఈ రెండో పుస్తకమే.

కల్పేనిలో నమాజుంది, రోజా ఉంది, నిఖా ఉంది, మహర్ ఉంది. పెండ్లయిన పిల్ల మాత్రం తల్లి ఇల్లు విడవదు. మొగుడే రాత్రికొచ్చి పొద్దున తన తల్లి ఇంటికి పోతాడు. తరవాడు ఉమ్మడి ఆస్తి 'శుక్రవారం ఆస్తి', అది తల్లి వరసన పోతుంది. సొంత సంపాదన 'సోమవారం ఆస్తి', అది షరియత్ ప్రకారం. పిల్లను ఇంకో ఇంటికి తోలేదే లేనప్పుడు, తెచ్చుకుంటున్నందుకు పైసలడిగే నోరెక్కడిది?

మన దగ్గర రిష్తా కుదిరేటప్పుడు మగపిల్లాడి అమ్మీ ఒక మాటంటుంది: "మాకేం వద్దు, మీ బిడ్డకు మీరేం పెట్టుకుంటారో పెట్టుకోండి." ఇంతకంటే ఖరీదైన మాట మేం వినలేదు. జోడే కీ రఖం, పలంగు, అల్మారీ, బండి, ఆపైన జుమ్మాగీ దావతులు. 2014లో 51 వేలతో మొదలై 2018లో 1,00,116కి పెరిగిన షాదీ ముబారక్ పైసలు కూడా బేరంలోకి వచ్చేశాయి.

ఇది హిందువుల రివాజని మౌల్వీసాబ్‌లంటారు. కానీండి, మరి తిప్పి పంపలేదేం? నిసా సూరా మహర్‌నే కాదు, కూతురి వాటానూ చెప్పింది. ఊళ్లో చెల్లెలు ఆ వాటా అడిగితే "జహేజ్ ఇచ్చాం కదా" అంటాడు భాయిజాన్. సెక్యులర్ మిత్రులకేమో ముస్లిం స్త్రీ అంటే తలాక్, బురఖా. 1937 షరియత్ చట్టం సాగుభూమిని పక్కన పెట్టిన సంగతి వాళ్లెత్తరు.

కల్పేని జన్నతేం కాదు. అక్కడా పెత్తనం మేనమామదే, తలాక్ మగాడి నోట్లోనే. అయినా తలాకైన ఆమె మూట సర్దుకోనక్కర్లేదు. ఇల్లూ ఆమెదే, పిల్లలూ ఆమె దగ్గరే. 2019 చట్టం ఒక్కసారే మూడు తలాకులు చెప్పినవాణ్ని జైలుకు పంపుతుంది గానీ ఆమె ఉండటానికి ఇల్లివ్వదు.

ఇక్కడ మహర్ కాగితం మీదే ఉండిపోతుంది. జనాజా లేచే ముందు బేవాను మయ్యత్ దగ్గరికి తెచ్చి మాఫ్ చెయ్యమంటారు. నిఖానామాలో మహర్‌కు గడి ఉంది, జోడే కీ రఖానికి లేదు. 1961 నుంచి కట్నం నేరం కాబట్టి రాయరట. కనీసం ఖుత్బాకు ముందు ఖాజీసాబ్ గవాలందరి ఎదుట "ఎంత తీసుకున్నావు బాబూ" అని దుల్హాను అడగాలి. నల్లగొండలో ఏ మసీదు ముందుకొస్తుందో చూస్తాం.