రంపం దగ్గరే తేలిపోతుంది

చెక్క ముక్కలు అతికించి గిన్నె చేద్దామని సరదాపడేవాళ్లు ముందు అడిగేది లేత్ గురించే. ఎంత మోటారు, ఎంత ధర? నేను మాత్రం రంపం సంగతి ఎత్తుతాను. ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిమెన పట్టేవారి పనితనమంతా ఉలి అంచున ఉంటుంది. ముక్కల గిన్నె అలా కాదు. లేత్ స్విచ్ వేసేలోపే దాని జాతకం సగం రాసేసి ఉంటుంది.

లెక్క చూడండి. 20 సెంటీమీటర్ల వలయానికి 12 ముక్కలనుకుందాం. ఒక్కో ముక్కకి రెండు కొసలూ 15 డిగ్రీల వాలుతో కోయాలి. బయటి అంచు దాదాపు 5.4 సెంటీమీటర్లు వస్తుంది. కోతకి డిగ్రీలో పదో వంతు తప్పినా 24 కోతలకి 2.4 డిగ్రీలు. చివరి ముక్క పెట్టేసరికి సందు నోరు తెరుస్తుంది. అందులో జిగురూ రంపపు పొట్టూ కూరే ఘనులున్నారు. పాలిష్ పడ్డాక ఆ గీత ఇంకా బాగా కనిపిస్తుంది లెండి.

అందుకే మంచి టేబుల్ రంపం, సన్నపళ్ల కార్బైడ్ బ్లేడు, రంపం బల్ల మీద ముందుకీ వెనక్కీ జరిగే స్లెడ్ ముందు సమకూర్చుకోమంటాను. అమెరికాలో జెర్రీ బెనెట్ ప్రచారంలోకి తెచ్చిన ‘వెడ్జీ’ స్లెడ్ నాకు ముచ్చటేస్తుంది. దానికి రెండు ఫెన్సులు. వాటి మధ్య 30 డిగ్రీల మూల ఉన్న అచ్చు ఇరికించి బిగించి, ఒక కోత ఈ ఫెన్సుకి, మరో కోత ఆ ఫెన్సుకి ఆనించి కోస్తారు. ఒకవైపు కాస్త తగ్గింది రెండోవైపు పెరిగి సరిపోతుంది. 12 ముక్కలకైతే ఆ అచ్చు కొనక్కర్లేదు, పిల్లల జామెట్రీ బాక్సులో మూలమట్టం ఉండనే ఉంది. పొడవు మారకుండా ఒక ఆపుడు చెక్క చాలు.

బిగింపుకి హోస్ క్లిప్పులు, అతుక్కి ఫెవికాల్. ఆరేసి ముక్కలతో రెండు అర్ధవలయాలు అతికించి, ఆరాక వాటి కొసల్ని బల్లపరుపు ఉప్పుకాగితం మీద రుద్ది కలిపితే మిగిలిన తేడా కూడా పోతుంది. వలయాల్ని ఇటుక వరుసల్లా అతుకు మీద అతుకు పడకుండా పేర్చాలి. ఆ తర్వాతే లేత్, గౌజు అనే ఉలి, ముఖానికి షీల్డు, ముక్కుకి మాస్కు.

అడుగుకి మాత్రం వెడల్పాటి పలక వద్దు. చెక్క నారకి అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. నార పొడవునా దాదాపు కదలదు. వలయంలో నార చుట్టూ తిరిగి ఉంటుంది కాబట్టి అది బిగుసుకుని కూర్చుంటే, మధ్యలో పలక లాగుతుంది. విశాఖ తేమలో చేసిన గిన్నె హైదరాబాద్ మే నెలకి వెళ్తే ముందు పగిలేది అక్కడే.