భూమి అడిగితే అప్పు ఇచ్చారు
మెదక్ స్వచ్ఛంద సంస్థల అనుభవంపై ఒక విమర్శ

స్వచ్ఛంద సంస్థల గురించి మన సభల్లో, పత్రికల్లో రెండు మాటలే ఎక్కువ వినిపిస్తాయి. విదేశీ డబ్బుతో ఉద్యమాలను చల్లార్చడానికి వచ్చినవి అనేది ఒకటి. సర్కారు చెయ్యని పని అవి చేస్తున్నాయి గదా, ఉండనియ్యండి అనేది రెండోది. మొదటిది విప్లవ రాజకీయాల నుంచి వచ్చింది, రెండోది వాడలో బతుకు బాధ నుంచి వచ్చింది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ దళితుల వైపు నుంచి అడగవలసిన ప్రశ్న రెండింటిలోనూ లేదు. వెనుకబడిన ప్రాంతాన్ని అభివృద్ధి చేస్తామని ఒక సంస్థ వచ్చిపోయాక ఆ ఊళ్లో ఏది ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి మారింది? భూమి మారిందా? విత్తనం మారిందా? లెక్కల పుస్తకం మారిందా? ఈ ప్రశ్నతోనే మేము ఉమ్మడి మెదక్ జిల్లా అనుభవాన్ని చూడదలిచాం.

మెదక్‌నే తీసుకోవడానికి కారణం ఉంది. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు రెండూ మెట్ట ప్రాంతాలే, ఇరుగుపొరుగువే. ఆ నేల మీదనే రెండు సంస్థలు పుట్టాయి. రెండూ పేద ఆడవాళ్ల సంఘాలతోనే మొదలయ్యాయి. ఒకటి పడావు భూమి దగ్గర మొదలుపెట్టింది, రెండోది అప్పు దగ్గర మొదలుపెట్టింది. ఎవరు ఎక్కడికి చేరారో చూస్తే 'అభివృద్ధి' అనే మాట అర్థం తేటపడుతుంది.

పడావు భూముల్లో సంఘం

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ దాని కేంద్రం. దాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యులైన పి.వి. సతీష్ టెలివిజన్ రంగం నుంచి వచ్చిన మనిషి. 2023 మార్చిలో చనిపోయారు. ఈ సంస్థ పనిచేసిన ఊళ్లలో సంఘాల సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలే.

అక్కడి దళిత కుటుంబాలకు భూమి అసలే లేదనడానికి లేదు. 1973 భూపరిమితి చట్టం తర్వాత, అంతకుముందూ కొందరికి సర్కారు పట్టాలు వచ్చాయి. వచ్చిన భూమి ఎలాంటిది? నీటి వసతి ఉన్న మంచి రేగడి పటేళ్ల దగ్గరే ఉండిపోయింది. మనకు దక్కింది రాళ్లు తేలిన ఎర్ర చెలక. ఎడ్లు లేవు, ఎరువు లేదు, విత్తనం కొనే స్తోమత లేదు. చెలక పడావు పడింది. కాగితంలో పట్టాదారు, పొద్దున లేస్తే మందిచేల కూలి. ఇచ్చినట్టూ ఉండాలి, ఇవ్వనట్టూ ఉండాలి అనే భూసంస్కరణ ఇది.

ఈ సంస్థ చేసిన మంచి పని ఆ పడావు చెలకలను పట్టించుకోవడం. 1990ల మధ్యలో సంఘాలు ఆ భూములను మళ్లీ సాగులోకి తెచ్చాయి. పెట్టుబడికి ఇచ్చిన సొమ్మును నగదుగా గాక జొన్నల రూపంలో కొన్నేళ్లపాటు తిరిగి తీసుకున్నాయి. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, పని దొరకని రోజుల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చాయి. ఎవరు ఎంత పేద అన్నది తాసీల్దారు తేల్చలేదు, ఊళ్లో సంఘమే కూర్చుని తేల్చింది. 1983లోనే మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం ఆకలి తీర్చిన మాట నిజం. కానీ ఆ బియ్యం మన చేలో పండినవి కావు. జొన్న పథకంలో చేను మనది, కూలి మనది, గాదె మనది, పంచే చెయ్యి మనది. ఈ తేడాను చిన్నదిగా చూడగూడదు.

అయితే విమర్శ కూడా ఇక్కడే మొదలవుతుంది. పడావు చెలకకు ప్రాణం పొయ్యడం ఒక పని, రేగడి ఎవరి దగ్గర ఎందుకుందని అడగడం ఇంకో పని. మొదటిది జరిగింది. రెండోదానికి దాతల నిధి రాదు. ఊరి భూమి పంపకం ఉన్నదున్నట్టే ఉండగా, మన వాటాకు వచ్చిన రాళ్లలో మనం మంచి ఎవుసం చేసి చూపించాం. దానికి మెప్పు వచ్చింది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. సంతోషమే. కానీ అదే జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక మండలి కోసం పన్నెండు వేల ఎకరాలకు పైగా సేకరించాలని సర్కారు పూనుకుంది. దానికి పెట్టిన పేరు కూడా 'ప్రాంతీయ అభివృద్ధే'. ఆ లెక్కలో అసైన్డ్ భూములూ ఉన్నాయి. అసైన్డ్ భూమిని అమ్మగూడదని 1977 చట్టం మన మేలు కోరే చెప్పింది. సర్కారుకే అవసరం వచ్చేసరికి అది ఇచ్చిన భూమి గనక తీసుకోవచ్చు అనే వాదన ముందుకొస్తుంది. బహుమతి పత్రం ఆ రోజు సర్వే నంబరుకు కాపలా ఉండదు.

కిస్తీల సంఘం

ఇక రెండో దారి. జహీరాబాద్ సంస్థలో కొంతకాలం పనిచేసిన విక్రమ్ ఆకుల అమెరికాలో చదువుకుని వచ్చి, 1997–98లో నారాయణఖేడ్ ప్రాంతంలో స్వయం కృషి సంగం మొదలుపెట్టారు. లాభాపేక్ష లేని సంస్థగానే, దానాల సొమ్ముతోనే మొదలైంది. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు పద్ధతి: ఐదుగురు ఆడవాళ్లు ఒక జట్టు, వారం వారం మీటింగు, వారం వారం కిస్తీ, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు జవాబుదారి.

ఈ పద్ధతిని కులం వైపు నుంచి చూసినవాళ్లు తక్కువ. బ్యాంకు అప్పుకు తాకట్టు అడుగుతుంది. వాడలో తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు. అయినా అప్పు ఇచ్చారు గనక ఇది గొప్ప ఉపకారం అన్నారు. నిజానికి తాకట్టు ఉంది. వాడ చుట్టరికమే తాకట్టు. పెద్ద కులాల ఊరు దూరం పెట్టిన జనం ఒకరికొకరు ఆసరాగా తరతరాలుగా కాపాడుకున్న నమ్మకం ఏదుందో, దాన్నే ఈ సంస్థలు హామీగా రాయించుకున్నాయి. జ్వరం వస్తే గంజి కాచి తెచ్చే వదిన, కిస్తీ రోజు గడపలో నిలబడి అడిగే మనిషి అయింది. వసూలు ఖర్చు సంస్థకు మిగిలింది, పగ వాడకు మిగిలింది.

స్వచ్ఛంద సంస్థ 2005 ప్రాంతంలో కంపెనీ అయింది. ట్రస్టుల ద్వారా సభ్యులకూ వాటా ఉందన్నారు. ఆ వాటాను సభ్యురాలు అమ్ముకోలేదు, దాన్ని చూపించి కంపెనీ మీటింగులో లెక్క అడగలేదు. 2010 ఆగస్టులో ఎస్కేఎస్ షేర్లు మార్కెట్‌కు వచ్చి సుమారు 1,650 కోట్ల రూపాయలు సమకూరాయి. అప్పటికి నాలుగేళ్ల ముందే, 2006లో, కృష్ణా జిల్లాలో అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలను మూయించిన హెచ్చరిక ఉంది. ఎవరూ వినలేదు. ఒక్కో ఇంటికి మూడు, నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. ఒకదాని కిస్తీ కట్టడానికి ఇంకోదాని దగ్గర తీసుకున్నారు. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారం కిస్తీని నెల కిస్తీ చేసి, ఇళ్ల మీదికి వెళ్లి వసూలు చెయ్యడాన్ని ఆపింది.

వడ్డీ సంగతి ఊరి లెక్కలో చెప్పుకుందాం. 2011 జనవరిలో రిజర్వు బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ ఏడాదికి 24 శాతం మించగూడదని సిఫారసు చేసింది. అంటే నెలకు నూటికి రెండు రూపాయలు. మన ఊళ్లలో సాహుకారు వడ్డీని పిలిచే లెక్కే ఇది. సంస్కరణ తర్వాత హద్దే అంతయితే, అంతకుముందు సంగతి చెప్పక్కర లేదు. అదే రాష్ట్రంలో బ్యాంకు రుణాలకు పావలా వడ్డీ పథకం నడుస్తున్న రోజులవి. ఎస్కేఎస్ 2016లో పేరు మార్చుకుంది, 2019లో ఇండస్ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. సంస్థకు ప్రతి మలుపులోనూ దారి దొరికింది. నారాయణఖేడ్ కూలి ఆడమనిషి పేరు మీద ఒక గుంట కూడా ఎక్కలేదు. ఎక్కించడం ఆ పథకంలోనే లేదు.

పోరాటం నుంచి పొదుపుకు

ఇది ఒక్క సంస్థ బుద్ధి అని తేల్చేస్తే పొరపాటు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటాన్ని గుర్తు చేసుకోవాలి. కూలి చేసుకునే ఆడవాళ్లు, అందులో దళితులు, వెనుకబడిన కులాలవాళ్లు, సారా పాటలను ఆపించారు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సర్కారు రాబడి మీద దెబ్బ కొట్టిన ఉద్యమం అది. ఆ బలాన్ని ఏం చేశారు? రోజుకు రూపాయి చొప్పున 'పొదుపులక్ష్మి' సంఘాలు పెట్టించారు. సారా మానేసిన ఇంటి రూపాయి ఇంట్లో మిగలడం తప్పని మేము అనం. కలెక్టరును నిలదీసిన ఆడమనిషి, కలెక్టరు పెట్టిన సంఘంలో పాసు పుస్తకం పట్టుకున్న సభ్యురాలుగా మారిన తీరునే ప్రశ్నిస్తున్నాం. 2000లో ప్రపంచబ్యాంకు అప్పుతో వెలుగు పథకం వచ్చింది. దాన్ని నడపడానికి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ అని ఒక సొసైటీని సర్కారే పెట్టింది. సర్కారు కూడా స్వచ్ఛంద సంస్థ వేషం కట్టిందన్నమాట. 'హక్కు' అనే మాట పోయి 'సాధికారత' వచ్చింది. హక్కు అయితే ఇవ్వనివాణ్ణి అడగొచ్చు. సాధికారత రాకపోతే తప్పు మనదే అవుతుంది.

కులం ఎక్కడ మాయమైంది

ఈ సంస్థల నివేదికల్లో పేదలు ఉంటారు, మహిళలు ఉంటారు, లబ్ధిదారులు ఉంటారు. పట్టికలో ఎస్సీ అని ఒక గడి ఉంటుంది. వాళ్లు పేదలుగా ఎందుకున్నారో చెప్పేచోట కులం ఉండదు. వాన తక్కువ, నేల సారం తక్కువ, చదువు తక్కువ అని ఉంటుంది. ఈ వానలోనే పటేలు ఎట్లా బాగుపడ్డాడని అడగరు.

జహీరాబాద్ సంఘాలు ఇక్కడ కొంత మేలు. 2008లో మాచునూరులో మొదలైన సంఘం రేడియోను దళిత స్త్రీలే నడిపారు. కెమెరా పట్టి సినిమాలు తీశారు. కానీ బయటి ప్రపంచం వాళ్లను విత్తనాలు కాపాడిన తల్లులుగా చూసింది, చిరుధాన్యాల మహిళలుగా మెచ్చుకుంది. ఆ మెప్పులో మాదిగవాడ కనబడదు. పచ్చజొన్న రొట్టె తింటారని మనల్ని వెక్కిరించినవాళ్లే, 2023ను ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకునేసరికి పట్నంలో ఆ జొన్నను ఖరీదు పెట్టి కొనుక్కున్నారు. తిండికి గౌరవం వచ్చింది. పండించిన కులానికి వచ్చిందా? ఆ ఖరీదులో చెలకకు చేరిందెంత? స్వచ్ఛంద సంస్థల మిత్రులు జవాబు చెప్పవలసిన ప్రశ్నలివి.

అంబేద్కర్‌ను ఎక్కడ పెట్టాలి

ఇప్పుడు ప్రతి సంస్థ ఆఫీసులోనూ అంబేద్కర్ పటం ఉంది. ఆయన ఆర్థిక ఆలోచన మాత్రం గోడ మీదనే ఉండిపోయింది. 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలోనే, కమతం చిన్నదా పెద్దదా అన్నది ఒక్కటే చూస్తే చాలదు, దాని మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు ఎంతన్నది చూడాలని ఆయన వాదించారు. పడావు పడ్డ మన చెలకల కథ అదే. 1947లో 'రాష్ట్రాలు–అల్పసంఖ్యాక వర్గాలు' అనే విజ్ఞాపనలో వ్యవసాయ భూమి రాజ్యానిదై ఉండాలి, కులమతాలు చూడకుండా ఊరివాళ్లకు సమష్టి సాగుకు ఇవ్వాలి, భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలి అనే తేడా ఉండగూడదు అన్నారు. పెట్టుబడి, పనిముట్లు, విత్తనం ఇవ్వడం రాజ్యం బాధ్యత అన్నారు. దయ మీద ఆధారపడే పని ఇందులో ఒక్కటీ లేదు. రాజ్యాంగంలో రాయించవలసిన హక్కుగా ఆయన దీన్ని అడిగారు. స్వచ్ఛంద సంస్థ ఎంత నిజాయితీగా పనిచేసినా రాజ్యం బాధ్యతను మూడేళ్ల ప్రాజెక్టుగా మార్చేస్తుంది. ప్రాజెక్టు అయిపోతే ఆఫీసు లేచిపోతుంది. ఎవరి మీద దావా వేస్తాం?

కాబట్టి సంస్థలతో పనిచెయ్యొద్దని మేము చెప్పడం లేదు. మొదటితరం చదువుకున్న దళిత యువకులు, యువతులు ఎందరో వాటిలో జీతానికి పనిచేస్తున్నారు. వాళ్లను ద్రోహులనడం సులువు, వేరే పని చూపించడం కష్టం. ఆ కార్యకర్తలు తమ సంస్థలను లోపలి నుంచి అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఊళ్లో అసైన్డ్ భూముల సర్వే నంబర్లు, కాగితంలో ఎవరు, సాగులో ఎవరు అనే జాబితా సంస్థ దగ్గర ఉందా? ఇచ్చే అప్పు వడ్డీని నూటికి నెలకు ఎన్ని రూపాయలో సంఘంలో చదివి వినిపిస్తున్నారా? సంతకం అధికారం ఉన్నవాళ్లలో దళిత స్త్రీలు ఎందరు? సంస్థ వెళ్లిపోయిన మర్నాడు గాదె, గొడ్డు, గోదాము, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంటాయి?

ఈ నాలుగింటికీ రాతలో జవాబు అడగండి. ఇచ్చిన సంస్థతో కలిసి పనిచేద్దాం. ఇవ్వని సంస్థ పేదరికం మీద ఎంత మంచి నివేదిక వేసినా, దాన్ని సాహుకారు చిట్టా పక్కన పెట్టి చదువుదాం.