అవసరాల వారి రాయబారం

‘ది ఎక్స్‌పాన్స్’ చూడటం మొదలుపెట్టినప్పుడు కథ కంటే ముందు నన్ను ఆపింది ఒక ఇంటిపేరు. మనుషులు అంగారకుడి మీదా గ్రహశకలాల మీదా కాపురాలు పెట్టేసిన కాలం అది. భూమినంతా ఐక్యరాజ్యసమితి ఏలుతుంటుంది. అందులో చక్రం తిప్పే పెద్దావిడ పేరు క్రిస్జెన్ అవసరాల. ఒంటిమీద చీర, మెడలో నగలు, నోట్లో బూతులు. మనకు వయొలిన్ వాయించే అవసరాల కన్యాకుమారి తెలుసు, సినిమాలు తీసే అవసరాల శ్రీనివాస్ తెలుసు. గ్రహాల మధ్య యుద్ధం ఆపే పని కూడా చివరికి ఆ ఇంటివాళ్ల నెత్తినే పడిందన్నమాట. పాత్ర వేసిన షోరే అగ్దష్లూ ఇరాన్‌లో పుట్టి, 1979 విప్లవ కాలంలో దేశం వదిలి వచ్చిన నటి. ఆవిడకు తెలుగుతో పనిలేదు. తెలుగు చెవికి మాత్రం ఆ పేరులో ఇంకో మాట వినబడుతుంది: ఎవరి అవసరం ఏమిటో ఎరిగిన మనిషి.

మొదటి సీజన్‌లోనే ఆవిడ పనితనం చూపిస్తారు. మంచు మోసే ఓడ ఒకటి పేలిపోయింది. అంగారకుడి పనేనని లోకమంతా నమ్ముతోంది. అంగారకుడి దగ్గర భూమి రాయబారిగా ఉన్న డిగ్రాఫ్ ఆవిడకు పాత స్నేహితుడు. ఇంటికొచ్చిన ఆయనతో మాటల్లో మాటగా ఒక రహస్యం జారవిడుస్తుంది. మంచి మనిషి, నమ్మాడు. వెంటనే తనకు తెలిసిన అంగారకుల చెవిన వేశాడు. వాళ్లు కంగారుపడి తమ సరంజామా సరిచూసుకోవడం మొదలుపెట్టారు. తప్పు చేసినవాడికి అలాంటి కంగారు రాదు. ఆవిడకు కావలసింది ఆ కంగారే. తుపాకీ పేలకుండా నిజం తెలిసింది. డిగ్రాఫ్‌కు మాత్రం పదవి ఊడింది, ప్రాణంగా చూసుకున్న అంగారకుడి గుమ్మం మళ్లీ తొక్కే వీల్లేకుండా పోయింది.

ఇంతకీ ఆవిడ మంచి దౌత్యవేత్తేనా? సైన్స్ ఫిక్షన్ అభిమానులు నలుగురు కూడితే ఈ వాదన తప్పకుండా లేస్తుంది. ఏ రాయబారి గొప్ప, ఎవరు దండగ అని. చాలామంది సంతకాలు లెక్కపెడతారు: ఎన్ని సంధులు కుదిర్చాడు, ఎన్ని యుద్ధాలు ఆపాడు. ఆ లెక్క నాకు ఎక్కదు. ఎందుకో మన ఊరి పందిట్లోకి వెళ్తే తెలుస్తుంది.

తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ పుణ్యమా అని రాయబారం సీను ఎరగని తెలుగు పల్లె ఒకప్పుడు అరుదు. కృష్ణుడు వెళ్తాడు, సంధి అడుగుతాడు, ఉత్త చేతులతో తిరిగొస్తాడు. చాప మీద కునికిపాట్లు పడుతున్న పిల్లాడికి కూడా ఈ సంగతి ముందే తెలుసు. అయినా జనం తెల్లవార్లూ కూర్చునేవాళ్లు, వన్స్‌మోర్లు కొట్టేవాళ్లు. ఫలితం కోసం కాదు, పని ఎలా చేస్తాడో చూడటానికి. సంధి కుదరలేదు గనక ఆయన ఓడినట్టే. కానీ తప్పెవరిదో నిండు సభలో తేలిపోయింది. తిరుగుదారిలో కర్ణుడి జన్మరహస్యం కర్ణుడి చెవిన పడింది. వెళ్లిన పని కాలేదు, వెళ్లి చేసిన పనులు మాత్రం బోలెడు.

కౌటిల్యుడు ఈ తూకాన్ని ఇంకా కచ్చితంగా వేశాడు. అర్థశాస్త్రంలో దూతలు మూడు రకాలు. మంత్రికి ఉండాల్సిన గుణాలన్నీ ఉండి, అక్కడికక్కడ తానే నిర్ణయం తీసుకోగలవాడు నిసృష్టార్థుడు. అందులో పావు వంతు తగ్గితే పరిమితార్థుడు, చెప్పిన హద్దు దాటకూడదు. సగానికి పడిపోతే శాసనహరుడు, కమ్మ మోసుకెళ్లి ఇచ్చే మనిషి. ఈ త్రాసు పట్టుకుని అంతరిక్ష ధారావాహికలు చూస్తే భలే కాలక్షేపం.

‘స్టార్ ట్రెక్’ మొదటి ధారావాహికలో 1967లో వచ్చిన ఒక భాగంలో రాబర్ట్ ఫాక్స్ అనే రాయబారి ఉంటాడు. ఎమినియార్ గ్రహం 710 సంకేతం పంపుతుంది, దగ్గరికి రావద్దని. ఫాక్స్ వినడు, ఓడను పోనివ్వమంటాడు. అక్కడ రెండు గ్రహాలు 500 ఏళ్లుగా కంప్యూటర్లతోనే యుద్ధం చేస్తున్నాయి. ఎవరెవరు చచ్చారో యంత్రం లెక్క చెబుతుంది, వాళ్లు బుద్ధిగా నడుచుకుంటూ వెళ్లి బూడిదైపోతారు. దండలు పట్టుకుని ఎదురొస్తారనుకుని దిగిన ఫాక్స్‌ను కూడా ఆ వరసలోకే తోస్తారు. కెప్టెన్ కిర్క్ లెక్కల యంత్రాన్ని పేల్చేసి, నిజం యుద్ధమో నిజం సంధో తేల్చుకోండని వదిలేస్తాడు. అధికారంలో నిసృష్టార్థుడు, గుణంలో శాసనహరుడు, ఇదీ ఫాక్స్. ఒక్కటి మాత్రం ఆయన ఖాతాలో వేయాలి. ప్రాణం మీదికి వచ్చి బయటపడ్డాక ఆయన ఓడెక్కి ఇంటికి పోలేదు, మధ్యవర్తిగా ఉంటానని అక్కడే నిలబడ్డాడు. అభిమానులు ఈ సంగతి మరిచిపోతారు.

అదే ఏడాది నవంబరులో సారెక్ వచ్చాడు, కిర్క్ ఓడలోని అధికారి స్పాక్ తండ్రి, వల్కన్ రాయబారి. కొరిడాన్ అనే గ్రహాన్ని సమాఖ్యలో చేర్చుకోవాలా వద్దా అన్న సమావేశానికి ప్రతినిధులంతా ఒకే ఓడలో బయల్దేరతారు. విందులో ఒకాయన వెంటపడి నీ ఓటెటు అని గుచ్చి గుచ్చి అడుగుతాడు. కాసేపటికి ఆ అడిగినాయన హత్యకు గురవుతాడు, సారెక్ మీద అనుమానం, సారెక్‌కు గుండెజబ్బు, కొడుకుతో 18 ఏళ్ల మౌనం. అన్నీ ఉన్నాయి. సమావేశం మాత్రం లేదు! కథ వైద్యశాలలోనే ముగుస్తుంది. 1990లో తర్వాతి ధారావాహిక ‘నెక్స్ట్ జనరేషన్’లో ముసలి సారెక్‌ను మళ్లీ తెచ్చినప్పుడూ ఇంతే. మనసు పట్టు తప్పించే రోగం వస్తుంది. లెగారన్లతో చర్చలు ముగించడానికి ఓడ కెప్టెన్ పికార్డ్ తన మనసును ఆసరాగా ఇస్తాడు. ముసలాయన బరువంతా మీద పడి పికార్డ్ గదిలో కుళ్లి కుళ్లి ఏడుస్తాడు. పికార్డ్‌గా వేసిన ప్యాట్రిక్ స్టీవర్ట్ చేసిన గొప్ప సీన్లలో అదొకటి. లెగారన్లు ఏమన్నారో, సారెక్ ఏం జవాబిచ్చాడో మనకు వినబడదు. అతిథుల కోసం జిగట బురద మడుగు సిద్ధం చేయడం మాత్రం చూపిస్తారు. నవ్వు వస్తుంది గానీ రాయబారంలో అదీ పనే. వియ్యాలవారికి విడిది కుదర్చడం ఎంత పనో పెళ్లి చేసినవాళ్లనడగండి.

బల్ల దగ్గరి మాటలు నిజానికి విసుగు. అందుకే టీవీ వాటిని దాచేసి, ఆ పనికి అయిన ఖర్చు చూపిస్తుంది. కాబట్టి ఈ రాయబారులను తూచాలంటే సంధిపత్రం వైపు కాదు, బల్ల దగ్గర నుంచి లేచి వెళ్లే అవతలివాడి ముఖం వైపు చూడాలి. అతను తన ఇంటికెళ్లి తన వాళ్లకు ఏం చెప్పుకోగలడు? రేపు మళ్లీ వచ్చి కూర్చోగలడా?

ఈ కొలతలో నాకు అందరికంటే పైన కనబడేవాడు రీవా. 1989 జనవరిలో వచ్చిన ‘నెక్స్ట్ జనరేషన్’ భాగం. రీవా పుట్టు చెవిటివాడు. పేరుమోసిన మధ్యవర్తి. ఆయన రాకముందు క్లింగాన్ భాషలో శాంతి కుదిర్చేవాడు అనే మాటే లేదంటాడు ఓడలోని క్లింగాన్ అధికారి వార్ఫ్. ఆయన మనసులోని మాటను పలకడానికి ముగ్గురు సహాయకులుంటారు. సొలాయిస్ గ్రహం మీద దిగగానే ఒకడు కాల్చిన కాల్పుకు ఆ ముగ్గురూ పోతారు. గొంతు పోయింది. నా వల్ల కాదని కూలబడిన మనిషి, చివరికి ఒంటరిగా కిందికి దిగుతాడు. తరాలుగా కొట్టుకుంటున్న రెండు వర్గాలకూ తన సైగల భాష నేర్పుతానంటాడు. నాతో మాట్లాడాలంటే మీరిద్దరూ నేర్చుకోవాలి. పక్కపక్కనే కూర్చుని, ఒకే పాఠం, ఒకే తప్పులు. నేర్చుకునేసరికి ఒకరితో ఒకరు మాట్లాడటం వచ్చేసి ఉంటుంది. సంధి షరతులు ఏమిటో కథ చెప్పదు, ఓడ ఆయన్ను అక్కడే వదిలి వెళ్లిపోతుంది. రీవాగా వేసిన హోవీ సీగో నిజంగానే వినబడని నటుడు. మొదట రాసుకున్న కథలో రీవా నోటితో మాట్లాడటం నేర్చుకుంటాడట. సీగో ఒప్పుకోలేదు, కథ మారింది. ఆ భాగంలో అసలు రాయబారం కెమెరా వెనకే జరిగిందని నాకనిపిస్తుంది.

భాష సంగతి వచ్చింది గనక 1991 నాటి ‘డార్మాక్’ను దాటి పోలేను. టమేరియన్లు తమ పురాణ కథల పేర్లతోనే మాట్లాడతారు. అనువాద యంత్రానికి మాటలు తెలుస్తాయి, అర్థం తెలియదు. వందేళ్లలో ఏడుసార్లు ఎదురుపడినా స్నేహం కుదరలేదు. అమెరికా ప్రేక్షకులకు ఇది వింత. మనకెందుకు వింత? శల్యసారథ్యం, భస్మాసుర హస్తం, త్రిశంకు స్వర్గం అని రోజూ పేపర్లో రాసుకునే జాతి మనది. మహాభారతం తెలియనివాడికి శల్యసారథ్యాన్ని మాటకు మాట తర్జుమా చేసి ఇస్తే శల్యుడనే డ్రైవరు బండి తోలాడని అర్థమవుతుంది. టమేరియన్ కెప్టెన్ డేథాన్ ఒక పిచ్చిపని చేస్తాడు. పికార్డ్‌తో సహా ఒక మృగం తిరిగే గ్రహం మీదికి దిగి, చేతికి బాకు ఇస్తాడు. కథ చెప్పినా అర్థం కాకపోతే ఇద్దరం కలిసి కథలో బతుకుదాం అన్నట్టు. పికార్డ్‌ను రక్షించాలని సొంత సిబ్బంది పైకి లాగబోయిన ఆ కాసేపట్లోనే డేథాన్‌కు ప్రాణాంతకంగా గాయమవుతుంది. చనిపోయే మనిషికి పికార్డ్ గిల్గమేష్ కథ చెబుతాడు. ఒప్పందం ఏమీ లేదు. స్నేహితులయ్యారో లేదో గానీ శత్రువులు కాలేదు. చివర్లో పికార్డ్ గ్రీకు స్తోత్రాలు తిరగేస్తూ కూర్చుంటాడు. అవతలివాడి పురాణం తెలియాలంటే ముందు తన పురాణం గుర్తుండాలి కదా.

వీళ్లందరూ వారానికొకసారి వచ్చి పోయే అతిథులు. రాయబారులను ఊరికే చూపించకుండా ఏళ్ల తరబడి కాపురం చేయించిన ధారావాహిక ‘బాబిలోన్ 5’. జె. మైఖేల్ స్ట్రాజిన్‌స్కీ సృష్టి, మొత్తం 110 భాగాలు, అందులో 92 ఆయన చేతిరాతే. అయిదు మైళ్ల పొడవున్న అంతరిక్ష కేంద్రంలో జాతుల రాయబారులంతా ఒకే కప్పు కింద ఉంటారు, తింటారు, తిట్టుకుంటారు.

అసలు ఆ కేంద్రం కట్టడానికి కారణమే ఒక మర్యాద బెడిసికొట్టడం. మిన్‌బారీలు గౌరవసూచకంగా ఫిరంగి ద్వారాలు తెరిచి ఎదురొచ్చారు. భూమివాళ్లు దాడి అనుకుని కాల్చారు. మిన్‌బారీల పెద్ద చనిపోయాడు, మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయేంత యుద్ధం. కోపంలో ఆ యుద్ధానికి ఓటేసిన డెలెన్, తర్వాత ఈ కేంద్రంలో మిన్‌బారీ రాయబారి. నిజం తెలిశాక ఆమె చేసే ప్రతి పనీ ప్రాయశ్చిత్తమే. ఆ పాత్ర వేసిన మీరా ఫుర్లాన్ 1991లో యుగోస్లావియా ముక్కలవుతుండగా అమెరికా వచ్చేసింది. జాగ్రెబ్‌లోనూ బెల్‌గ్రేడ్‌లోనూ నటించినందుకు పత్రికలు ఆమెను తూర్పారబట్టాయి. డెలెన్ గొంతులోని ఆ అలసట నటనతో మాత్రమే వచ్చింది కాదేమో.

ఇక లాండో మొలారి, సెంటారి రాయబారి. కౌటిల్యుడు దూతకు రెండు గట్టి నిషేధాలు పెట్టాడు: తాగకూడదు, ఒంటరిగా పడుకోవాలి, మత్తులోనూ నిద్రలోనూ మనసులోని మాట బయటపడుతుంది గనక. లాండో ఈ రెండూ మొదటి సీజన్‌లోనే తప్పుతాడు. శత్రువులైన నార్న్‌లతో సంధి చర్చలకు తన బదులు నోట మాట రాని సహాయకుడు వీర్‌ను కూర్చోబెట్టి తాను నాట్యగత్తె అడీరాతో గడుపుతుంటాడు. నిద్రపోతున్న ఆయన మనసులోంచే రహస్యాలు లాగేస్తారు. అర్థశాస్త్రం చదివి కథ రాశారా అనిపించేంత అచ్చుగుద్దినట్టు ఉంటుంది. అప్పటికి ఆయన నవ్వులాటే.

తర్వాత ఒకడొచ్చి నీకేం కావాలని అడుగుతాడు. మా పాత వైభవం తిరిగి రావాలంటాడు లాండో. వస్తుంది. సంతకాల లెక్కలో చూస్తే బాబిలోన్‌లో ఆయన్ని మించిన రాయబారి లేడు. శత్రువైన నార్న్ లోకం కూలింది, లాండో చక్రవర్తి కూడా అయ్యాడు. అయితే ఆ విజయాన్ని ఓడ కిటికీలోంచి చూసే సీను ఉంది. కింద నార్న్ ఊళ్ల మీద ఉల్కలు కురిపిస్తుంటారు, అద్దంలో ఆయన ముఖం. చివరికి తన రాజధాని కూడా తగలబడుతుంది. ఎదుటివాడికి తిరిగొచ్చే దారి మిగల్చని విజయం తన ఇంటిదాకా రాక మానలేదు.

నార్న్ లోకం కూలిన రోజే ఆ జాతి రాయబారి జికార్ సర్వం పోగొట్టుకుంటాడు. దేశం లేదు గనక రాయబారి కాదు. లాండో కోరిక మీద సభలోంచి వెళ్లగొడతారు. మొదటి సీజన్‌లో జికార్ ఒట్టి కుతంత్రాల మనిషి, నాకు నచ్చేవాడు కాదు. పదవి పోయాకే రాయబారి అయ్యాడు. జైలు, కొరడాలు, ఒక కన్ను పోవడం దాటి, జాతులన్నీ కలిసే కూటమికి సూత్రాలు రాసే చెయ్యి ఆయనదవుతుంది. పగవాడు లాండోకు అంగరక్షకుడిగా కూడా వెళ్తాడు. శాసనహరుడి నుంచి నిసృష్టార్థుడిదాకా నడిచిన మనిషిని టీవీలో ఇంకొకర్ని చూడలేదు.

వోర్లాన్ రాయబారి కోష్ గురించి ఎక్కువ చెప్పను. పొడుపుకథలు వేసేవాణ్ని దూత అనడానికి నాకు మనసొప్పదు. ‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’లో 1998లో కెప్టెన్ సిస్కో చేసింది ఇంకో తరహా. ఓడిపోతున్న యుద్ధంలోకి రోములన్లను లాగడానికి దొంగ సాక్ష్యం తయారు చేయిస్తాడు. అది దొంగదని పట్టేసిన సెనేటర్‌ను ఈ పనిలో సిస్కోకు తోడున్న గారక్ చంపేస్తాడు, నేరం శత్రువు మీదికి పోతుంది. రోములన్లు యుద్ధంలోకి దిగారు, పని అయింది. ఇది రాయబారం కాదు, లక్కయిల్లు.

మళ్లీ మన అవసరాల దగ్గరికి. 2022 జనవరిలో ‘ఎక్స్‌పాన్స్’ చివరి భాగం. యుద్ధం ముగిసింది. నక్షత్రాలకు తెరుచుకునే ద్వారాల రవాణా ఎవరి చేతిలో ఉండాలన్నది తేలాలి. గ్రహశకలాల్లో తరతరాలుగా చాకిరీ చేసిన బెల్టర్లు తమకే కావాలంటారు. భూమికి, అంగారకుడికి నమ్మకం లేదు. అందరికీ ఆమోదమైన ఓడ కెప్టెన్ హోల్డెన్‌ను అధ్యక్షుణ్ని చేద్దామని ఆవిడ సర్దుబాటు చేస్తుంది. బెల్టర్ నాయకురాలు డ్రమ్మర్ రెండో కుర్చీకి ఒప్పుకుంటుంది, ముఖం మాడ్చుకునే. హోల్డెన్ పదవి తీసుకుని అక్కడికక్కడే రాజీనామా చేస్తాడు. కుర్చీ డ్రమ్మర్‌కు పోతుంది.

డిగ్రాఫ్ అక్కడ ఉంటే మీసాల చాటున నవ్వుకునేవాడు. నమ్మిన మనిషి చేతిలో ఈసారి మోసపోయింది ఆవిడ. మొట్టమొదటి భాగంలో, తక్కువ గురుత్వాకర్షణలో పుట్టి పెరిగిన ఒక బెల్టర్‌ను భూమి ఆకర్షణకు వేలాడదీసి ప్రశ్నలడిగిన మనిషి కూడా ఆవిడే. ఇప్పుడు అదే జాతి మనిషి అధ్యక్ష స్థానంలో కూర్చుంటుంటే ఆవిడ అదే గదిలో, ఎదురుగా ఉంది.